కాలవ కట్టేసిన నెల

ఏప్రిల్ నెలాఖర్న లాకు తలుపు దించింది నేనే.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనే దించుతున్నాను.
చక్రం చివరి చుట్టు తిరిగేటప్పుడు
కాలవ ఒక్కసారి గుటక వేస్తుంది,
ఆ తర్వాత మాట్లాడదు.
ఆఫీసు కాయితంలో దాన్ని మూసివేత అంటారు.
మా వరహాలు మాత్రం
"ఇంక కోళ్ళకి నీళ్ళు నువ్వే మొయ్యి" అంటుంది.

మోస్తున్నాను.
పంచాయితీ కుళాయి తెల్లారగట్ల నాలుగింటికి
అరగంట వస్తుంది, అదీ దగ్గుతూ.
రెండు బిందెలు మాకు, రెండు గేదెకి,
ఒకటి పెరట్లో ఏడు పెట్టలకీ ఒక పుంజుకీ.
పద్నాలుగు ఊళ్ళ మీదికి నీళ్ళు వదిలిన చెయ్యి
మట్టి మూకుళ్ళలో చెంబుతో కొలిచి పోస్తోంది.

పదకొండు దాటితే
కొబ్బరిచెట్టు నీడ దాని కాళ్ళ కిందికే ముడుచుకుపోతుంది.
అప్పుడు మొదలు.
రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని,
ముక్కులు తెరిచి,
గొంతు కింద తోలు డబడబలాడుతూ
ఎనిమిది చిన్న కొలిమితిత్తులు.
అరుపు లేదు. అదే నాకు భయం.
కోడి అరిస్తే ఏదో అడుగుతున్నట్టు.
అరవకపోతే
అడగడం మానేసినట్టు.

"మిట్టమధ్యాహ్నం గింజలు చల్లకు,
కడుపులో గింజ కూడా పొయ్యే"
అంది దడి మీంచి పల్లాలమ్మ.
అందుకని పుంజు కూసీ కుయ్యకముందే నూకలు,
మళ్ళీ దీపాలవేళకి.
మధ్యలో ఉల్లిపాయ తరిగిన పల్చటి మజ్జిగ,
బండివాడు పారేసిన పుచ్చకాయ తొక్కలు.
పాక మీద తడి గోనెలు.
కింద అరటిబోదె చీల్చి పరిచాను.
నరికాక కూడా మూడ్రోజులు
బోదె నీళ్ళని మరిచిపోదు.

మెడ మీద ఈకల్లేని బోడిమెడ పెట్టని
సంతలో ఎవరూ బేరమాడలేదని
సగం ధరకి తెచ్చాను పోయినేడు.
ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను.
ఈ ఎండలో చూడాలి దాని దర్జా!
మిగతావాళ్ళు కంబళి కప్పుకుని కూచుంటే
పైటకొంగు తీసి విసురుకుంటున్న పెద్దమనిషిలా
పెరడంతా అదే తిరుగుతోంది.

అబ్రాసు పెట్ట మాత్రం కదలదు.
పదకొండు గుడ్ల మీద కూచుంది.
ఎండే పొదిగేస్తుంది, నువ్వు లేవే అన్నాను.
పొడిచింది.
ఎత్తి పళ్ళెంలో కాళ్ళు తడిసేలా నిలబెడితే
రెండు నిమిషాలు ఓర్చుకుని
తడి కాళ్ళతోనే గంప కిందికి పరిగెత్తింది.

రొయ్యల లారీకి ఐసు కొట్టే డేనియేలు
గోనెలో చుట్టి ఓ గడ్డ తెచ్చి
గంప పక్కన పెట్టి వెళ్ళాడు.
"రొయ్యలు చచ్చాక చల్లబడతాయి బాబాయ్,
వీటినైనా బతికుండగా చల్లబడనీ."

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు.
మా రోలు పగల్లేదు.
దాని నీడలో పడుకున్న నల్లపెట్ట
నిన్న మూడింటికి, కరెంటు పోయిన వేళ,
ఓ పక్కకి ఒరిగింది.
నీళ్ళ మూకుడు జానెడు దూరం.
"ఇంకా వేడిగానే ఉంది, కూర వండుకోండి"
అంది పల్లాలమ్మ, మంచిమాటగానే.
వేడిగానే ఉంది.
అదే కదా.

కాలవగట్టున పాతాను.
అడుగున బీటలు.
ఎవరిదో చెప్పు, ఓ పగిలిన కుండ,
నీళ్ళున్నన్నాళ్ళూ కనపడనివన్నీ.
వచ్చేటప్పుడు లాకు చక్రానికి గ్రీజు రాశాను.
ఇంకా వారం ఉంది, ఆర్డరు రాలేదు,
ఇప్పుడే రాయక్కర్లేదు.

రాత్రి పదింటికి కూడా గోడలు కాలుతున్నాయి.
టార్చి వేసి తురాయిలు లెక్కపెట్టాను,
ఒకటికి రెండుసార్లు.
అబ్రాసు పెట్ట కింద చెయ్యి పెట్టి
ఒక గుడ్డు తీసి చెవికి ఆనించాను.
లోపల ఎవరో గోకుతున్నారు.
ఎగువన నీరు నిండినప్పుడు
లాకు తలుపు రేకుకి చెవి పెడితే
వినిపించేదీ ఇలాంటిదే.

వరహాలూ, నిద్రపోయావా?
ఇంకో మూకుడు కావాలి.
లోతు లేనిది.